పిల్లల ఫాంటసీ నవలల్లో హీరోకి మంత్రం పుట్టుకతోనే రావాలా?

పెన్న ఒడ్డు (అనంతపురం):

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. లైబ్రరీ పీరియడ్ కూడా నాదే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇప్పుడు ఎగబడి చదివేది ఫాంటసీలే. తెలుగులో దొరికితే తెలుగులో, లేకపోతే ఇంగ్లీషులోనే కూడబలుక్కుంటూ చదువుతున్నారు. వాళ్ళు చదవడం చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. నా పేచీ అంతా ఆ హీరోలతోనే.

ఎక్కువ పుస్తకాల్లో ఒకటే వరస. హీరో తండ్రి దేవుడో, రాజో, పేరుమోసిన మాంత్రికుడో అయి ఉంటాడు. పిల్లాడికి ఊహ తెలిశాక ఆ సంగతి బయటపడుతుంది. అక్కణ్ణుంచి లోకమంతా వాడి చుట్టూనే తిరుగుతుంది. వాడు కష్టపడడని నేను అనను. కానీ కష్టపడే అర్హత కూడా పుట్టుకతోనే వస్తుంది.

హ్యారీ పోటర్ రెండో పుస్తకంలో (1998) ఫిల్చ్ అని ఒకాయన ఉంటాడు. స్కూలు బాగోగులు చూసే ఉద్యోగి. మంత్రగాళ్ళ ఇంట్లో పుట్టాడు కానీ మంత్రం రాదు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని రహస్యంగా నేర్చుకుంటూ ఉంటాడు. ఆ కవరు హీరో కంట పడుతుంది. ఆయన సిగ్గుతో చచ్చిపోతాడు, తర్వాత పిల్లల మధ్య అది నవ్వులాట అవుతుంది. నాకు ఆ పేజీ దగ్గర నవ్వు రాలేదు. పదో తరగతి తప్పి, ఏళ్ళ తర్వాత ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి, ఎవరికీ చెప్పకుండా పుస్తకాలు కొనుక్కునే వాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ పిల్లలు నా క్లాసులో ఉన్నారు. నేర్చుకోవాలన్న కోరికను చూసి నవ్వే కథ వాళ్ళకు ఏం చెప్తుంది?

పుట్టుకతో వచ్చేవి మన దగ్గర ఇప్పటికే చాలా ఉన్నాయి. భూమి, పలుకుబడి, పదవి, సినిమా హీరో చాన్సు అన్నీ అలాగే వస్తున్నాయి. మంత్రమైనా వదిలిపెట్టకూడదా?

కేసీ కాలువ (కర్నూలు):

సార్, మీ బాధ అర్థమైంది. కానీ మీరు ఆ కథల్ని పెద్దవాళ్ళ కళ్ళతో చదువుతున్నారనిపిస్తోంది.

పిల్లలు పుస్తకంలోకి వెళ్ళేది ఫిల్చ్ గది తలుపులోంచి కాదు, మెట్ల కింద హ్యారీ పడుకునే గూట్లోంచి. పెద్దమ్మ ఇంట్లో మిగిలిపోయిన బట్టలు తొడుక్కుని, ఎవరికీ అక్కర్లేకుండా పెరిగిన పిల్లాడికి మంత్రాల బడి నుంచి ఒక ఉత్తరం వస్తుంది. చదివే పిల్ల దగ్గర ఏమీ లేదు కాబట్టే ఆ ఉత్తరం తనకే వచ్చినట్టు చదువుతుంది. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఆ వయసులో ఆ ఒక్క ఊహ నన్ను ఎంత నిలబెట్టిందో నాకు తెలుసు.

జాతకం సంగతే చూడండి. అయిదో పుస్తకంలో (2003) విలన్‌ను ఓడించేవాడు పుడతాడన్న భవిష్యవాణి హ్యారీకి మాత్రమే కాదు, తోటి విద్యార్థి నెవిల్‌కి కూడా సరిపోతుందని తేలుతుంది. ఇద్దరూ జులై నెలాఖరులో పుట్టినవాళ్ళే. విలన్ హ్యారీని ఎంచుకుని దాడి చేశాడు కాబట్టి హ్యారీ హీరో అయ్యాడు. అంటే పుట్టుక తేల్చని విషయాన్ని శత్రువు భయం తేల్చింది. ఇంత మెలిక పెట్టిన రచయిత్రిని వారసత్వం ఖాతాలో వేసేస్తే ఎలా?

ఇంకొకటి. పెర్సీ జాక్సన్ కథను (మొదటి నవల 2005) రిక్ రియోర్డాన్ ముందు తన కొడుక్కి రాత్రిళ్ళు చెప్పాడు. ఆ పిల్లాడికి ఏడీహెచ్‌డీ (నిలకడగా దృష్టి పెట్టలేకపోవడం), డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నాయి. నవల్లో గ్రీకు దేవుడి కొడుకైన హీరోకీ అవే ఉంటాయి. అక్షరాలు కళ్ళముందు ఈదుతున్నట్టు ఉండటానికి కారణం వాడి బుర్ర ప్రాచీన గ్రీకు కోసం తయారై ఉండటమే అంటాడు రచయిత. మా తమ్ముడికి క్లాసులో నిలబెట్టి చదివిస్తే చెమటలు పట్టేవి. ఆ పుస్తకం నేను వాడికి చదివి వినిపించాను. ఆ పేజీ దగ్గర ఆపించి, మళ్ళీ చదవమన్నాడు. వాడు అక్కడ విన్నది దేవుడి కొడుకు గురించి కాదు సార్. తనలాంటి వాణ్ణి మొద్దు అనకుండా మాట్లాడిన మనిషి మాట విన్నాడు.

మన హనుమంతుడి శక్తి కూడా పుట్టుకతో వచ్చిందే కదా. జాంబవంతుడు గుర్తు చేసేదాకా అది ఆయనకే తెలియదు. పుట్టుకతో ఉన్నా, గుర్తు చేసే మనిషి లేకపోతే ఆ శక్తి ఒడ్డునే కూర్చుని ఉండేది.

సిద్ధవటం (కడప):

ఇద్దరూ ఇంగ్లీషు పుస్తకాల చుట్టే తిరుగుతున్నారు. మన కథల్లో అసలు హీరోకి మంత్రమే రాదు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

పాతాళభైరవి (1951) తీసుకోండి. దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి, విజయా సంస్థ నాగిరెడ్డిది మా కడప జిల్లా. మంత్రం వచ్చినవాడు నేపాళ మాంత్రికుడు, అంటే విలన్. హీరో తోట రాముడు, తోటమాలి కొడుకు. వాడి దగ్గర ఉన్నది సాహసం, సమయానికి పనిచేసే బుర్ర. కోరింది ఇచ్చే పాతాళభైరవి బొమ్మ చేతికొచ్చాక మేడలు లేస్తాయి, పెళ్ళి కుదురుతుంది. సరిగ్గా అప్పుడే బొమ్మ పోతుంది. అక్కణ్ణుంచి రాముడు, అంజి ఇద్దరూ మాంత్రికుణ్ణి ఎదుర్కోవాలి. నాకు సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే, బొమ్మ లేని భాగం.

చందమామ కూడా అంతే. అదే నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మొదలుపెట్టిన పత్రిక. అందులో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సీరియళ్ళు రాశారు. ఆ రోజుల్లో సీరియల్ మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు చూస్తూ నెలంతా ఎదురుచూసేవాళ్ళం. మంత్రదండాలు, రాక్షసులు, శిథిలాలు, ఎగిరే జంతువులు ఎన్ని ఉన్నా, మేము వెంట నడిచింది కత్తి పట్టుకున్న కుర్రాడి వెనకే. మంత్రం ఎదురయ్యే ప్రమాదం. దాన్ని దాటేవాడు హీరో.

ఈ కాలం నవలల్లో మాంత్రికుడే హీరో అయ్యాడు. అసలు మార్పు అక్కడ జరిగింది. మంత్రం హీరో చేతికి వచ్చాక, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాల్సిన పని రచయిత మీద పడింది. ఎక్కువమంది తేలిక దారిలో రక్తం నుంచి వచ్చిందనేశారు.

కేసీ కాలువ (కర్నూలు):

అన్నా, ఆ చివరి మాట బాగుంది. కానీ చందమామ సీరియళ్ళలో రాజకుమారులు తక్కువా? మంత్రం పుట్టుకతో రాకపోయినా రాజ్యం పుట్టుకతోనే వచ్చేది. పైగా రాముడికి చివర దొరికేది రాకుమారి. మన కథలన్నీ ఈ విషయంలో కడిగిన ముత్యాలేం కాదు. అమ్మాయిలకు అయితే ఆ కథల్లో ఎత్తుకుపోబడటం తప్ప పెద్దగా పని ఉండేది కాదు. టెర్రీ ప్రాచెట్ ఇంగ్లీషు నవల్లో (2003) టిఫనీ ఏకింగ్ గొర్రెల కాపరుల ఇంటి తొమ్మిదేళ్ళ పిల్ల. తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన రాణి మీదికి పెనం పట్టుకుని వెళ్తుంది. ఆ పెనం కోసం నేను ఇంగ్లీషు పుస్తకాల్లోకి వెళ్ళాల్సి వచ్చింది.

పెన్న ఒడ్డు (అనంతపురం):

సిద్ధవటం గారు చెప్పింది నా మనసులోని మాటే. దానికి ఒకటి కలుపుతాను. తేలిక దారి పట్టని ఇంగ్లీషు రచయితలూ ఉన్నారు. లాయిడ్ అలెగ్జాండర్ 1964 నుంచి 1968 దాకా అయిదు ప్రిడెయిన్ నవలలు రాశాడు. హీరో టారన్ పందుల్ని కాచే కుర్రాడు, అందులోనూ అసిస్టెంటు. తల్లిదండ్రులెవరో తెలియదు. గొప్ప ఇంట్లో పుట్టి ఉంటే బాగుండునని ఒక నవల మొత్తం వెతుక్కుంటూ తిరుగుతాడు. ఒక పేద గొర్రెల కాపరి నేనే నీ తండ్రినంటే లోపల కుంగిపోతాడు, కుంగిపోయినందుకు సిగ్గుపడతాడు. చివరికి వాడు రాజవుతాడు, కానీ ఎవరి కొడుకో రచయిత చెప్పడు. ఆఖరి పుస్తకానికి 1969లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ బహుమతి వచ్చింది.

పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు ఎవరి కొడుకో చెప్పమని నా మీద పడ్డారు. చెప్పలేదని గొడవ చేశారు. ఆ గొడవే నాకు కావాల్సింది.

కేసీ కాలువమ్మా, మీ తమ్ముడి సంగతి నన్ను కదిలించింది. కానీ ఒక్కటి అడుగుతాను. అక్షరాలు ఈదే పిల్లాడికి దేవుడి తండ్రి ఎందుకు కావాలి? మామూలు తండ్రి కొడుకైతే వాడి గౌరవం తగ్గుతుందా?

ఎర్రమట్టి (కళ్యాణదుర్గం):

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. ఇప్పుడు మాట్లాడాలి, ఎందుకంటే నేను అలాంటి నవలే రాస్తున్నాను. పన్నెండేళ్ళ పైబడిన పిల్లల కోసం, మా వైపు పల్లెలోనే.

మా వైపు బోరు వేయాలంటే ముందు పాయింటు చూపించుకుంటారు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి, చెప్పులు విడిచి, శనక్కాయ చేను అడ్డంగా నడుస్తాడు ఆయన. నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుందంటారు. అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ వేసి, మరుసటి రోజు బండిని పిలుస్తారు. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళ చేతిలోనే కాయ నిలబడుతుందని నమ్మేవాళ్ళూ ఉన్నారు. మీరిద్దరూ తగువు పడుతున్న పుట్టుక సంగతి మా చేలల్లో ఇంత సూటిగా ఉంది! అలా చెప్పిన చోట వెయ్యి అడుగులు దించినా దుమ్ము లేచిన బోర్లు, వాటి మీద మిగిలిన అప్పులు కూడా మా చేలల్లోనే ఉన్నాయి. అందుకే కాయ నిజంగా నీళ్ళు చూపిస్తుందని పిల్లలకు చెప్పే నవల నేను రాయను. నా నవల్లో కాయ లేదు. నీళ్ళు అరికాళ్ళకు తెలిసే ఒక అమ్మాయి ఉంది. అది మంత్రం అని చదివే పిల్లకు మొదటి పేజీలోనే తెలుస్తుంది.

ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చిందన్న దానికన్నా, వాడితే ఏమవుతుందన్నది నన్ను ఎక్కువ పట్టుకుంది. ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ మొదటి నవల్లో గెడ్ మేకలు కాసిన పిల్లాడు. శక్తి వాడిలో ఉంది, నిజమే. కానీ మంత్రగాళ్ళ బడిలో వాడికి చెప్పేదేమిటి? ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు, తెలుసుకుని చెయ్యి అని. వాడు వినడు. పంతం కొద్దీ చచ్చినవాళ్ళ ఆత్మను పిలుస్తాడు, ఒక నీడ బయటికొచ్చి వాడి మొహం చీరుతుంది. అది వచ్చిన దారిని మూసే ప్రయత్నంలో బడి పెద్దాయన ప్రాణం పోతుంది. గెడ్‌ను ఎవరూ వెలివేయరు. ఆ భారం మాత్రం పుస్తకం చివరిదాకా వాడి మీదే ఉంటుంది.

ఆ వాన మాట చదివినప్పుడు నాకు మా ఊరే కనిపించింది. మాది గట్టి రాతి నేల. నీళ్ళు రాతి పగుళ్ళలో ఉంటాయి. ఒక పగులు మీద నేను లోతుగా బోరు వేస్తే, అదే పగులు మీద ఉన్న పక్క చేను బోరు ఎండిపోవచ్చు. బోరుకీ బోరుకీ మధ్య దూరం ఉండాలని 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చింది ఇందుకే. కాబట్టి నా నవల్లో అమ్మాయి నీళ్ళను పుట్టించలేదు, జరపగలదు అంతే. పైకి లాగిన ప్రతి బిందెకూ ఇంకెక్కడో ఒక బిందె తగ్గుతుంది. ఎక్కడ తగ్గిందో కూడా ఆమె అరికాళ్ళకు తెలుస్తుంది. తెలియనట్టు నటించడం కుదరదు.

సిద్ధవటం (కడప):

ఇది చదవాలనుంది. ఖర్చు లేని మంత్రం మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. పాతాళభైరవి కూడా నరబలి అడిగాకే బొమ్మ ఇచ్చింది.

పెన్న ఒడ్డు (అనంతపురం):

ఖర్చు బాగుందమ్మా. కానీ అరికాళ్ళు పుట్టుకతో వచ్చినవే. పక్కింటి పిల్లాడు జీవితాంతం చెప్పులు లేకుండా తిరిగినా నీళ్ళు తెలియవు కదా. నా ప్రశ్న అక్కడే ఉంది.

ఎర్రమట్టి (కళ్యాణదుర్గం):

సార్, పక్కింటి పిల్లాడు ఉన్నాడు. వాడికి మంత్రం రాదు, చదువు వస్తుంది. వరాహమిహిరుడి బృహత్సంహితలో దకార్గళం అని ఒక అధ్యాయం ఉంది. ఆరో శతాబ్దపు పుస్తకం. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఎంత లోతులో నీళ్ళుంటాయి, తవ్వుతుంటే ఏ రంగు మట్టి, ఏ రాయి తగులుతుంది అని వరసగా చెప్తుంది. అందులో ప్రతి మాటా నిజమని నేను అనను. కానీ ఆ పద్ధతి చూడండి, ఎవరైనా నేర్చుకోవచ్చు, తప్పైతే ఎవరైనా పట్టుకోవచ్చు. పిల్లాడు అది పట్టుకుని పుట్టలు, చెట్లు, బావుల లోతులు నోటుబుక్కులో రాసుకుంటూ తిరుగుతాడు. ఊళ్ళో వాణ్ణి చూసి నవ్వుతారు. కథ మాత్రం నవ్వదు.

పెన్న ఒడ్డు (అనంతపురం):

అయితే వాణ్ణే హీరో చెయ్యండి. అమ్మాయి శక్తి పక్కన ఉండనివ్వండి.

కేసీ కాలువ (కర్నూలు):

వద్దక్కా! ఒక ఆడపిల్లకు ఇన్నాళ్ళకు శక్తి దొరికితే, అది నేర్చుకున్నది కాదని పక్కకు జరపమంటున్నారు. సార్, మీరు వారసత్వం మీద చేస్తున్న పోరాటానికి ఖరీదు ఈ పిల్ల కట్టకూడదు. ఆ శక్తి ఆమెకు సుఖమేమీ ఇవ్వడం లేదు. పక్క చేను ఎండిపోవడం అరికాళ్ళలో తెలుస్తుందన్నారు కదా, అది చూస్తే ఆమె మోస్తున్నది బరువే.

ఎర్రమట్టి అక్కా, ఆమె మొదటిసారి నీళ్ళు లాగినప్పుడు ఎండిపోయే బోరు ఎవరిదో నిర్ణయించుకున్నారా? అది ఆ నోటుబుక్కు పిల్లాడి వాళ్ళదే అయితే? వాడు లెక్కలు వేసుకుంటూ వచ్చి ఈమె వాకిట్లో నిలబడితే?

ఎర్రమట్టి (కళ్యాణదుర్గం):

ఇప్పటిదాకా అది ఊరి చివర పేరులేని రైతుది అని రాశాను. మీరు చెప్పినట్టు మారిస్తే మూడో అధ్యాయం నుంచి మళ్ళీ రాయాలి. రాస్తాను. వాకిట్లో నిలబడ్డ పిల్లాడికి ఆమె నిజం చెప్తుందా లేదా అన్నది మాత్రం నాకింకా తేలలేదు. సార్, ఆ అధ్యాయం అయ్యాక మీ తొమ్మిదో తరగతి పిల్లలకు పంపుతాను. మీరు ముందుగా ఏమీ చెప్పకుండా చదవనివ్వండి. ఎవరి పక్షాన గొడవ చేస్తారో నాకు రాయండి.