సింక్‌లో నీళ్లు దిగట్లేదు, వంట సోడా నిమ్మరసం నిజంగా పనిచేస్తాయా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది అద్దె ఇల్లు, రెండో ఫ్లోరు. కొన్నాళ్లుగా వంటింట్లో గిన్నెలు తోముతుంటే నీళ్లు సింక్‌లో నిలబడిపోయి చాలా మెల్లగా దిగుతున్నాయి, పొద్దున లేచేసరికి వాసన కూడా వస్తోంది. బాత్రూంలోనూ అంతే, స్నానం చేస్తుంటే పాదాల దగ్గర నీళ్లు ఆగిపోతున్నాయి. పాకే బాబు ఉన్నాడు కాబట్టి షాపులో దొరికే ఆ డ్రెయిన్ పౌడర్లు ఇంట్లోకి తేవాలంటే భయంగా ఉంది. వీడియోల్లో వంట సోడా వేసి నిమ్మరసమో వెనిగరో పోస్తే బుసబుసా పొంగి మొత్తం క్లియర్ అయిపోతుందంటున్నారు, ఎవరైనా చేసి చూశారా?

జవాబు:
అమ్మా, ఆ పొంగు చూడ్డానికి బాగుంటుంది కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్, గోళీ సోడాలో ఉండే గ్యాసే, పైన సింక్ తెరిచే ఉంటుంది కాబట్టి అది పైకే వచ్చేస్తుంది తప్ప అడ్డాన్ని కిందికి తోయదు. పైగా సోడా, పులుపు కలిస్తే ఒకదాని బలం ఒకటి తీసేసుకుంటాయి, చివరికి మిగిలేది కాస్త ఉప్పు కలిసిన నీళ్లే. వాసన తగ్గడానికైతే వంట సోడా ఒక్కటే వేసి కాసేపు ఉంచి నీళ్లు పోస్తే చాలు.

వంటింట్లో ఇరుక్కునేది ఎక్కువగా నూనె, నెయ్యి, మాంసం కొవ్వు, దాని మీద పేరుకున్న గంజి, దోసెపిండి కడుగు, టీ పొడి. దీనికి వంట సోడా కంటే కిరాణా షాపులో దొరికే బట్టల సోడా బాగా పనిచేస్తుంది, క్షారం చాలా ఎక్కువ. ముందు సింక్‌లో నిలబడ్డ నీళ్లు మగ్గుతో తోడేసి, అరకప్పు బట్టల సోడా వేడినీళ్లలో కలిపి మెల్లగా పోసి అరగంట వదిలేయండి, తర్వాత గిన్నెల లిక్విడ్ కొంచెం వేసి మళ్లీ వేడినీళ్లు పోయండి. సలసల మరిగే నీళ్లు మాత్రం వద్దు, కింద ఉండేది పీవీసీ పైపు, 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలై జాయింట్లు వదులవుతాయి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, బట్టల సోడా చర్మాన్ని మండిస్తుంది, బాబుకి అందకుండా పెట్టండి.

అయినా దిగకపోతే రబ్బరు ప్లంజర్ (కర్రకి రబ్బరు గిన్నె బిగించి ఉండేది) కొనండి, ఖరీదు పెద్దగా ఉండదు. సింక్‌లో రబ్బరు మునిగేంత నీళ్లు ఉండాలి, పక్కన పై అంచులో ఓవర్‌ఫ్లో కన్నం ఉంటే తడిగుడ్డ కుక్కి గట్టిగా మూయాలి, లేకపోతే గాలంతా అటే పోతుంది. తర్వాత పైకీ కిందికీ గబగబా పదిహేను ఇరవై సార్లు తోసి ఒక్కసారిగా లాగండి.

ఇంకొకరి జవాబు:
అక్కా, పైవన్నీ చేసే ముందే ఒకసారి సింక్ కింద తలుపు తీసి చూడండి. మన ఇళ్లలో చాలాచోట్ల ముడతల ప్లాస్టిక్ వేస్ట్ పైపు ఉంటుంది, అది మధ్యలో వేలాడి కిందికి దిగిపోతుంది, సరిగ్గా ఆ వంపులోనే చెత్తంతా చేరుతుంది. కింద బకెట్ పెట్టి పైన నట్టు చేత్తోనే తిప్పి విప్పండి, పైపు బయటికి తీసి పాత టూత్‌బ్రష్‌తోనో కర్రకి గుడ్డ చుట్టో తోమి మళ్లీ బిగించండి, బిగించేటప్పుడు లోపలి రబ్బరు వాషర్ ఎటు ఉండిందో గుర్తుంచుకోవాలి. తీసిన ముద్దని టాయిలెట్‌లో వేయకండి, పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయండి. నా లెక్కలో ఎక్కువసార్లు సమస్య ఇక్కడే తీరిపోతుంది, ఏ సోడా అక్కర్లేదు.

బాత్రూంది వేరే సంగతి, అక్కడ జుట్టు, సబ్బు. బోర్ నీళ్లలో సున్నం, ఉప్పులు ఎక్కువుంటే సబ్బు నురగ రాకుండా తెల్లటి జిడ్డుగా మారి జుట్టుకి పట్టుకుంటుంది. సోడా వేసినా వెనిగర్ పోసినా జుట్టు కరగదు, చేత్తో లాగాల్సిందే. జాలీ తీసి, పాత ఇనుప హ్యాంగర్ తీగని సాగదీసి చివర చిన్న కొక్కెంలా వంచి లోపల తిప్పితే పెద్ద ఉండ బయటికి వస్తుంది. జాలీ కింద గిన్నెలాంటి మూత ఉంటే అదికూడా తీసి కడిగి తప్పకుండా మళ్లీ పెట్టండి, ఆ నీళ్ల అడ్డు లేకపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు నేరుగా ఇంట్లోకి వచ్చేస్తాయి.

మరో ప్రశ్న:
మా ఇంట్లో నిన్నే పౌడర్ వేసేశాం, ఇంకా నీళ్లు ఆగే ఉన్నాయి, ఇప్పుడు యాసిడ్ గానీ బ్లీచింగ్ గానీ పోయొచ్చా?

జవాబు:
వద్దు, దయచేసి పోయకండి. ఆ పౌడర్లలో ఎక్కువగా కాస్టిక్ సోడా ఉంటుంది, దాని మీద యాసిడ్ పోస్తే విపరీతంగా వేడెక్కి మొహం మీదికి చిమ్మే ప్రమాదం ఉంది. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే, వెనిగర్ కలిసినా సరే, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ప్లంజర్ కూడా ఇప్పుడు వాడొద్దు, ఆ నీళ్లు కళ్లలో పడతాయి. కిటికీలు తీసి, ప్లంబర్ని పిలిచి లోపల పౌడర్ వేశామని ముందే చెప్పండి, అతని చేతులూ కళ్లూ కాపాడాలి కదా.

ప్రశ్న అడిగినవారు:
పైపు విప్పి శుభ్రం చేశాం, సింక్ బాగానే దిగుతోంది, థాంక్స్ అండీ. కానీ ఇప్పుడు సింక్ నీళ్లు వదిలితే బాత్రూం జాలీలోంచి గుడగుడమని పైకొస్తున్నాయి!

జవాబు:
అయితే అడ్డం మీ ఇంట్లో లేదమ్మా, రెండూ కలిసే లైన్లోనో కింద డ్రైనేజీ ఛాంబర్లోనో ఉంది. అది మీ చేతిలో పని కాదు, ఓనర్‌కి చెప్పి ఛాంబర్ మూత తీయించి చూడమనండి, కింద ఫ్లోర్ వాళ్లకీ ఇదే ఇబ్బంది ఉందేమో అడగండి. హైదరాబాద్ అయితే, రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగుతుంటే జలమండలి 155313కి చెప్పొచ్చు. ఎవరు వచ్చినా మనిషిని లోపలికి దింపనివ్వకండి, మిషన్‌తోనే చేయించండి, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడం నేరం. ఈలోగా పిండివంటలు చేసిన నూనె సింక్‌లో పోయకుండా సీసాలో పట్టి ఉంచండి, మూకుడుని కడిగే ముందు పాత పేపర్‌తో తుడవండి, సింక్ కన్నానికి చిన్న స్టీల్ జాలీ పెట్టండి.