సీసం పట్టిన .50 క్యాలిబర్ మజిల్‌లోడర్ గొట్టం, ఎంత తోమినా వదలడం లేదు

ఓహాయో_ఆవకాయ:

అందరికీ నమస్కారమండి. నాది సెకండ్‌హ్యాండ్ మజిల్‌లోడర్, అంటే మూతి నుంచి మందూ గుండూ నింపే తుపాకి. హాకెన్ తరహా పెర్కషన్ (క్యాప్‌తో పేలే) రైఫిల్, .50 క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు (బోర్) అర అంగుళం. గొట్టం 28 అంగుళాలు, లోపలి గాడుల ట్విస్ట్ (మెలిక) 48 అంగుళాలకు ఒక చుట్టు. హుక్ బ్రీచ్, అంటే కీ లాగితే గొట్టం కట్టె నుంచి ఊడి వస్తుంది, వెనక కొసను (బ్రీచ్) మూసే ప్లగ్ మాత్రం విప్పేది కాదు. ఇందులో ఇంతవరకూ ఎక్కువగా కాల్చింది ప్యాచ్ (చుట్టూ గుడ్డ ముక్క) లేని సీసపు కోనికల్సే, అంటే మొన ఉన్న పొడుగు గుండ్లే.

అడుగు (బ్రీచ్ వైపు) నుంచి మొదటి 6 అంగుళాల్లో గాడుల మూలల వెంట బూడిదరంగు చారలు కనిపిస్తున్నాయి. తుడిచే బిగుతు గుడ్డ ప్యాచ్ అక్కడికి రాగానే పట్టేస్తోంది. హాపీస్ నంబర్ 9 (తుపాకులు శుభ్రం చేసే సాల్వెంట్) పోసి రాత్రంతా ఉంచడం, కొత్త బ్రాంజ్ బ్రష్‌తో 50 సార్లు తోమడం, అమోనియా ఉన్న రాగి సాల్వెంట్ పట్టించడం, మూడూ అయ్యాయి. ప్యాచ్ నల్లగా వస్తూనే ఉంది, చారలు చెక్కు చెదరలేదు. జనవరి వేట సీజన్ లోపు దారికి రావాలి. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సగం సగం కలిపి పోయమని ఒకరు చెప్పారు. పోయొచ్చా?

రెండెఫ్_మందు:

వెనిగర్ సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు గానీ, ఇప్పటికి సీసా మూత తీయకండి.

అన్నిటికంటే ముందు తుపాకి ఖాళీయో కాదో చూసుకోండి. క్యాప్ (మందుకు నిప్పంటించే చిన్న టోపీ) తీసేసి రాడ్‌ని అడుగుదాకా దించి మూతి దగ్గర గుర్తు పెట్టండి. అదే రాడ్‌ని గొట్టం పక్కన బయట ఆనించి చూస్తే లోపల ఎక్కడిదాకా వెళ్ళిందో తెలుస్తుంది. మీ రకం బ్రీచ్‌లో మందు గది బోర్ కంటే సన్నగా ఉంటుంది, కాబట్టి జాగ్ (ప్యాచ్ పట్టుకునే రాడ్ కొన) ఆ మెట్టు మీదే ఆగుతుంది, నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న గొట్టం) దాకా పోదు. అంతకంటే పైనే ఆగిందంటే లోపల మందూ గుండూ ఉన్నాయనే లెక్క.

ఇక అసలు విషయం. నల్లగా వచ్చేదంతా సీసం కాదు. నల్లమందు మసిలో సగానికి పైగా పొటాషియం ఉప్పులు. అవి నీళ్ళకు కరుగుతాయి, హాపీస్‌కి అంత తేలిగ్గా లొంగవు. అమోనియా రాగి కోసం, సీసాన్ని అది ముట్టుకోదు. గుండు వెళ్ళిన ప్రతిసారీ ఒక పూత సీసం, దాని మీద మసి, మళ్ళీ సీసం, ఇలా పొరలు కడుతుంది. పైన మసి ఉన్నంతవరకూ ఏ నూనే సీసం కిందికి దిగదు. అందుకే ముందు నీళ్ళు.

గొట్టం ఊడదీసి నిపుల్ విప్పండి. బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల డిష్ సోప్. బ్రీచ్ వైపు నీళ్ళలో ముంచి, జాగ్ మీద తడి ప్యాచ్ పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే నిపుల్ రంధ్రం గుండా నీళ్ళు పంపులా లోపలికీ బయటికీ పోతుంటాయి. 20, 25 సార్లు ఆడించాక నీళ్ళు మార్చండి. తేటగా వచ్చేదాకా అంతే. మరిగే నీళ్ళు వద్దు. వేడికి త్వరగా ఆరుతుందన్నది నిజమే, కానీ ఆరేలోపే ఎర్రటి తుప్పు పొర కమ్ముతుంది. పొడి ప్యాచ్‌లు నాలుగైదు వేసి, చివర 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ప్యాచ్ ఒకటి లాగండి.

ఇప్పుడు చిన్న బోర్ లైట్ లోపలికి జారవిడిచి చూడండి. మెరుపున్న బూడిదరంగు చార గాడి మూల పట్టుకుని నిలువుగా సాగితే అది సీసం. ఒకే చోట చుట్టూ ఉంగరంలా గట్టిగా తగిలి, దాటాక రాడ్ వదులైపోతే అది క్రడ్ రింగ్, గట్టిపడిన మసి. ట్రిపుల్ సెవెన్ (నల్లమందుకు బదులు వాడే పొడి) వాడే తుపాకుల్లో మందు పైన, గుండు కూర్చునే చోట ఇది కడుతుంది. తడి ప్యాచ్‌కి పోతుంది, సీసం కాదు. ఎక్కడికక్కడ గరగరమని ప్యాచ్ పోగులు లాగేస్తుంటే అది తుప్పు గుంటలు. సేబట్లు (గుండు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగులు) కాల్చిన గొట్టమైతే ప్లాస్టిక్ చారలూ సీసంలాగే మోసం చేస్తాయి. వాటికి షాట్‌గన్ వాడ్ ప్లాస్టిక్ తీసే సాల్వెంట్ వేరే ఉంది.

సీసమే అని తేలితే విరుగుడు రాగి పీచు. అవును, అంట్లు తోమేదే, చోర్ బాయ్ లాంటిది. కొన్నాక అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే లోపల ఇనుము, పైన రాగి పూత, అది గొట్టానికి గీతలు పెడుతుంది. అసలు రాగి సీసం కంటే గట్టిది, ఉక్కు కంటే మెత్తనిది. మన పని జరిగేది ఆ తేడా వల్లే.

ముందు రోజు రాత్రి నిపుల్ రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టి క్రాయిల్ లాంటి చొచ్చుకుపోయే నూనె పోయండి. మీ గొట్టం పూర్తిగా నింపాలంటే 90 మిల్లీలీటర్లు పడుతుంది, అంత అక్కర్లేదు. 15 మిల్లీలీటర్లు పోసి, మూతి కాస్త ఎత్తుగా గొట్టాన్ని పడుకోబెట్టి, రెండు మూడు గంటలకోసారి పావు చుట్టు తిప్పుతుంటే చాలు. నూనె సీసాన్ని కరిగించదు, అంచుల కిందికి పాకి పట్టు వదులు చేస్తుంది.

పొద్దున్నే అరిగిన .45 క్యాలిబర్ బ్రాంజ్ బ్రష్ తీసుకోండి. .50 కాదు, .45. పీచు నుంచి రెండంగుళాల ముక్క కత్తిరించి పోగులు విడదీసి, బిగువుగా, కానీ చేత్తో తోస్తే దిగేలా చుట్టండి. మూతికి ఇత్తడి గైడ్ పెట్టి రాడ్ దించండి. రాడ్ లోహానిదే కావాలి. తుపాకి కింద ఉండే చెక్క ర్యామ్‌రాడ్‌తో తోమితే ఏటవాలుగా విరిగి అరచేతిలో దిగుతుంది. 15 సార్లు తోమి, బ్రష్ బయటికి తీసి కాగితం మీద దులపండి. వెండి తళుకు రేకులు రాలితే దారిలో ఉన్నట్టే. పొడి ప్యాచ్ వేయండి, నూనె చుక్కలు వేయండి, మళ్ళీ 15. రేకులు రావడం ఆగేదాకా.

మూలల్లో ఇంకా సన్నటి గీత మిగిలితే అప్పుడు మాత్రమే జేబీ పేస్ట్ (గొట్టం లోపల రుద్ది అరగదీసే పేస్ట్). బ్రష్ మీద ప్యాచ్ చుట్టి పేస్ట్ రాసి, చారలున్న ఆ 6 అంగుళాల్లోనే 10 సార్లు. మొదటే పేస్ట్ ఎత్తుకోకండి. పైన కనిపించే చోటల్లా అరుగుతుంది, సీసం మాత్రం మూలలో క్షేమంగా కూర్చుంటుంది.

షార్ట్‌కట్_శాస్త్రి:

అంత శ్రమ ఎందుకండి? పిస్టల్ గొట్టాలకు వెనిగర్, పెరాక్సైడ్ చాలామంది వాడతారు. నురగ కట్టి పది నిమిషాల్లో సీసం పోతుంది. అయ్యాక కడిగేయడమే.

కెమిస్ట్రీ_కాకా:

శాస్త్రి అన్నా, గట్ల చెప్పకు. పని చేస్తది, అబద్ధం కాదు. ఎట్ల చేస్తదో గూడ చెప్పాలె గదా. పెరాక్సైడ్ సీసాన్ని ఆక్సీకరణం చేస్తది, వెనిగర్‌ల ఉన్న ఎసిటిక్ ఆమ్లం దాన్ని లెడ్ ఎసిటేట్ చేస్తది. గొట్టానికి అంటుకున్న సీసం ముద్ద ఒక తీరు, నీళ్ళల్ల కరిగిన సీసం ఉప్పు ఇంకో తీరు. ఈ రెండోది ఒంట్లకు మస్తు తేలిగ్గ పోతది. నురగ తుంపర మూతి మీద పడుతది, చేతులకు అంటుతది, సింకుల పోస్తే డ్రైనేజీల కలుస్తది.

ఇగ పిస్టల్ గొట్టం రెండు దిక్కుల తెరిచి ఉంటది, పోసినా కడిగినా కనిపిస్తది. మన తుపాకి అడుగు మూసుకుని ఉంది. ఆమ్లం నిపుల్ మరలల్ల, ప్లగ్ అంచున, మందు గదిల నిలవడిపోతది. పది నిమిషాలల్ల సీసం పోతే, మిగిలిన ఆమ్లం నెలరోజులు ఉక్కును తింటది. బ్లూయింగ్ (ఉక్కు మీది నీలి నలుపు పూత) మీద చుక్క పడ్డదంటే ఆడ తెల్లగైతది.

ఇంకొకటి, ఇక్కడ ఎవరూ అడగలే గానీ మస్తు చోట్ల చూస్త. సీసం 327 డిగ్రీలకే కరుగుతది గదా, టార్చ్ పెట్టి కాలిస్తే కారిపోదా అని. గొట్టం కింద రిబ్బు (పొడుగు లోహపు పట్టీ) టంకంతో అతికించిన తుపాకులు ఉంటయి. సీసం కంటే శాన ముందు ఆ టంకం కరుగుతది. సీసం ఊడకముందే రిబ్బు ఊడి చేతికొస్తది.

నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. వంటింట్ల చేయకు, గ్యారేజీల పాత పేపర్ పరిచి చెయ్యి. దులిపిన రేకులు, ప్యాచ్‌లు, పీచు ముక్కలు మూతున్న డబ్బాల వేసి కౌంటీ హజార్డస్ వేస్ట్ సెంటర్‌ల ఇయ్యి. పిల్లలున్న ఇల్లయితే ఇది ఉత్త మాట కాదు. పిల్లల నెత్తురుల డెసిలీటర్‌కు 3.5 మైక్రోగ్రాములు దాటితే చాలు, అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టించుకోమంటది.

ఓహాయో_ఆవకాయ:

ఇద్దరికీ థాంక్సండి. నీళ్ళతో కడిగితే సగం నలుపు అక్కడే పోయింది, ఉంగరం లాంటిదేమీ లేదు. నూనె పెట్టి, రాగి పీచుతో నాలుగు విడతలు తోమాక రేకులు బాగానే రాలాయి. ఇంకా రెండు డౌట్లు. అడుగున బ్రష్ వెనక్కి తిప్పేటప్పుడు గట్టిగా పట్టేస్తోంది, లాగడానికి భయంగా ఉంది. రెండోది, మందు గదిలోకి ఈ బ్రష్ పట్టదు కదా, అక్కడ ఎలా?

రెండెఫ్_మందు:

పట్టేసినప్పుడు సూటిగా లాగకండి. ముందుకు వెళ్ళేటప్పుడు బ్రష్ ముళ్ళన్నీ వెనక్కి వంగి ఉంటాయి. తిరిగి లాగితే అవన్నీ గోడకు ఎదురు తన్ని నిలబడతాయి. రాడ్‌ని గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పుతూ లాగండి. రెండు మూడు చుట్లకు ముళ్ళు పక్కకు పడుకుంటాయి, బ్రష్ వదులవుతుంది. అటు దిక్కుకే ఎందుకంటే ఎదురు తిప్పితే రాడ్ మర విడిపోయి బ్రష్ అడుగున ఉండిపోతుంది. ఉండిపోతే కంగారు పడకండి, కాస్త నూనె పోసి, రెండు కొసలున్న వర్మ్‌ని (మెలి తిరిగిన తీగ కొక్కేన్ని) రాడ్‌కి బిగించి తిప్పితే తీగల్లో చిక్కుకుని వస్తుంది. తీగ మెలిక మీద తల ఊరికే నొక్కి పెట్టిన చవక బ్రష్‌లు ఈ పనికి పనికిరావు, తల ఊడి తీగ లోపల మిగులుతుంది. మరో చిక్కు: ర్యామ్‌రాడ్ మరలు ఎక్కువగా 10-32 ఉంటాయి, మామూలు బ్రష్‌లు 8-32. మర పట్టకపోతే బలవంతం చేయకండి, అడాప్టర్ దొరుకుతుంది.

మందు గదికి .30 లేదా .32 క్యాలిబర్ బ్రష్. గదిలో ఉండేది దాదాపు మసే, సీసం కాదు, కాబట్టి పీచు అక్కర్లేదు. తడి ప్యాచ్ దాని మీద కప్పి గుండ్రంగా తిప్పితే చాలు. ఇక్కడ తేమ మిగిలిపోతే తర్వాత సీజన్‌లో మొదటి క్యాప్ టప్ అని ఊరుకుంటుంది.

కెమిస్ట్రీ_కాకా:

అది సరే గానీ అసలు సీసం ఎందుకు పట్టిందో చూసుకోకుంటే ఇరవై రౌండ్లకు మళ్ళ ఇదే పని.

మూడు కారణాలు ఎక్కువ. గుండు గట్టి లోహంతోటి పోసింది. చక్రాల బరువులు కరిగించి పోస్తే ఇట్లనే అయితది, గోరుతో గీస్తే గీత పడదు. మెత్తటి స్వచ్ఛమైన సీసం బ్రినెల్ (గట్టిదనం కొలత) 5 దగ్గర ఉంటది, మందు పేలంగనే అడుగు ఉబ్బి గాడులను మూస్తది. గట్టి గుండు ఉబ్బదు, పక్కనుంచి మంట కోసుకుంటూ పోయి అంచు సీసాన్ని గోడకు పూస్తది. రెండోది లూబ్ (జారుడు కొవ్వు) చాలకపోవడం. కోనికల్ గాడులల్ల తేనెమైనం, కొవ్వు కలిపిన లూబ్ నిండుగా ఉండాలె. కింద 1/8 అంగుళం లూబ్ పట్టించిన ఊల్ ఫెల్ట్ వాడ్ పెడితే మంట నేరుగా గుండు అడుగుకు తగలదు. చార అడుగు దిక్కు ఉంటే మంట కోత, మూతి దిక్కు ఉంటే దారిలనే లూబ్ అయిపోయిందని అనుకోవచ్చు. మూడోది గుంటలు. గుంట పడ్డ చోట సీసం పళ్ళ సందుల పాలకూర తీరు ఇరుక్కుంటది.

మనూర్ల పంట కాపలాకు లైసెన్సు మీద ఇచ్చే ఎస్‌బీఎంఎల్ (ఒకే గొట్టం మజిల్‌లోడర్) తుపాకులకు గాడులు ఉండవు, వాటి లొల్లి వేరే. గుడ్డతోటి రుద్దితే పోతది. మూల ఉంటేనే సీసం దాక్కుంటది.

షార్ట్‌కట్_శాస్త్రి:

సరే, వెనిగర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ప్యాచ్ చుట్టిన గుండు గుండ్రటిదైతే సీసం పట్టకూడదు కదా? అయినా కొందరికి పడుతోంది.

రెండెఫ్_మందు:

ప్యాచ్ మధ్యలో ఉన్నంతసేపు సీసం గోడను తాకదు. పట్టిందంటే ప్యాచ్ చిరిగిందనే. .490 అంగుళాల గుండు, .015 అంగుళాల మందం ప్యాచ్‌తో ఐదు రౌండ్లు కాల్చి, ముందు 10, 15 గజాల్లో పడిన ప్యాచ్‌లు ఏరండి. మధ్యలో కాలి చిల్లు పడితే లూబ్ తక్కువ లేదా మందు ఎక్కువ. గుండు కూర్చున్న చోటు చుట్టూ గాడుల వరసలో కోతలుంటే ల్యాండ్‌ల (గాడుల మధ్య గట్ల) అంచులైనా మూతి అంచైనా పదునుగా ఉన్నట్టు. అప్పుడు నాలుగు సున్నాల స్టీల్ ఊల్ (అతి సన్నటి ఉక్కు పీచు) బ్రష్ మీద చుట్టి, నూనెతో 30, 40 సార్లు ఆడించి మళ్ళీ కాల్చి చూడాలి. మొదట ప్యాచ్ మందం .018కి పెంచి చూడటం సులువు.

ఆవకాయ గారూ, పొడి ప్యాచ్ ఇప్పుడు అడుగుదాకా ఒకే బిగువుతో దిగుతోందా? అదొక్కటి తేల్చుకోకుండా లోడ్ చేయకండి. మధ్యలో పట్టేసే గొట్టంలో గుండు మందు మీద కూర్చోకుండా పైనే ఆగిపోవచ్చు. మందుకూ గుండుకూ మధ్య ఖాళీతో కాలిస్తే ఆ చోట గొట్టం ఉంగరంలా ఉబ్బుతుంది. అది ఏ బ్రష్‌తోనూ పోదు.

ఓహాయో_ఆవకాయ:

దిగుతోందండి. అడుగు నుంచి నాలుగో అంగుళం దగ్గర మాత్రం కొంచెం గరుకు మిగిలింది. జేబీ 10 సార్లు వేసినా అలాగే ఉంది, లైట్‌లో నల్లటి చుక్కల్లా కనిపిస్తోంది, మెరుపు లేదు.

రెండెఫ్_మందు:

మెరుపు లేదంటే సీసం పోయింది, అవి గుంటలు. పేస్ట్ ఆపేయండి. ల్యాపింగ్ (గొట్టం లోపల రుద్ది నునుపు చేయడం) చేయాలంటే ప్లగ్ విప్పాలి, అది గన్‌స్మిత్ పని. విప్పి బిగిస్తే నిపుల్ పాత కోణంలో కూర్చోకపోవచ్చు. నా మాటైతే కోనికల్స్ మానేసి ప్యాచ్ బాల్‌కి మారండి. మీ 48 ట్విస్ట్‌కి అది బాగానే పడుతుంది, గుంటలనూ గుడ్డ దాటించుకుపోతుంది. ప్రతి రౌండ్ తర్వాత తడి ప్యాచ్ ఒకటి, పొడి ఒకటి. గుర్తు పెట్టిన రాడ్ ప్రతిసారీ ఆ గుర్తు దాకా దిగిందా చూసుకోండి. పొద్దున లోడ్ చేసే ముందు గొట్టంలో నూనె తుడిచి, మందూ గుండూ వేయకుండా రెండు క్యాప్‌లు పేల్చి, మూతి దగ్గర గడ్డి పరక కదిలిందా చూడండి. కదిలితే దారి తెరుచుకున్నట్టే.