అమిగా లోగోల్లో ఏది మేలు: రంగుల టిక్కా, ఎర్రతెలుపు బంతా?

డెనిస్_తెర:
కమొడోర్ సంస్థ అమ్మిన పాత ఇంటి కంప్యూటర్ అమిగా 500 ఒకటి బాగుచేస్తున్నాను. బోర్డు శుభ్రంగా ఉంది, కీబోర్డు పనిచేస్తోంది. పైమూత మీద బ్యాడ్జి ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ గుంట. ఎలాగూ కొత్తది చేయించాలి కాబట్టి, ఏ గుర్తు వేయించాలో మీ అందరినీ అడుగుదామనిపించింది. 500 మీద అసలు ఉండేది కమొడోర్ గుర్తు, వాలు అక్షరాల్లో అమిగా పేరు. 1985లో మొదటి మోడల్ అమిగా 1000తో పాటు వచ్చింది రంగుల టిక్కు. ఇక అభిమానులందరూ సొంతం చేసుకున్నది బొయింగ్ బాల్, ఎర్రతెలుపు గళ్ల బంతి. నా మనసు బంతి వైపే ఉంది. మీరు ఇలాంటివి చేయించి ఉంటే ఏది బాగా వచ్చిందో, ఏది రాలేదో కూడా చెప్పండి.

బ్లిట్టర్_భక్తుడు:
బంతే, అనుమానం లేదు. 1984 జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనకు వెళ్లేనాటికి అమిగా చిప్పులు ఇంకా తయారవలేదు. మూడు చిప్పులు చేయాల్సిన పనిని ప్రయోగాలకు వాడే పెద్ద పెద్ద బ్రెడ్‌బోర్డుల మీద విడి భాగాలతో నడిపించారు. ఆ నమూనా యంత్రానికి లొరైన్ అని పేరు. దానితో ఏం చేయవచ్చో చూపించడానికి అమిగా ఇంజినీర్లు డేల్ లక్, ఆర్.జె. మైకల్ ఇద్దరూ రాసిన డెమోయే (ప్రదర్శన ప్రోగ్రామే) ఈ బంతి.

బంతి గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా, ఆ బొమ్మ నిజానికి తిరగదు. గళ్లను సన్నటి చీలికలుగా గీసి, ఒక్కో చీలికకు ఒక్కో రంగు నంబరు ఇచ్చారు. తర్వాత రంగుల పట్టిక అయిన ప్యాలెట్‌లో ఎరుపు, తెలుపు రంగుల్ని నంబరు నంబరుకీ జరుపుతూ పోతారు. ఒక్క పిక్సెల్ కూడా మళ్లీ గీయనక్కర్లేదు. ఎగిరిపడటం కూడా అలాంటిదే: బంతి ఉన్న పొరను హార్డ్‌వేర్ స్క్రోలింగ్ జరుపుతుంది, వెనకున్న ఊదారంగు గీతల గళ్లు అలాగే ఉంటాయి. ప్రాసెసర్‌కి దాదాపు పని ఉండదు. అంత పెద్ద బంతి అంత నునుపుగా కదులుతుంటే, అసలు కంప్యూటర్‌ని బల్ల కింద ఎక్కడో దాచారేమోనని చూసినవాళ్లు వెతికారట.

యంత్రం ఎలా పనిచేస్తుందో దాని గుర్తే చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు. అందుకే నా ఓటు బంతికి.

టిక్కు_వర్గం:
బ్లిట్టర్ గారూ, డెమో గొప్పదే. దాంట్లో నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. కానీ గొప్ప డెమో వేరు, గొప్ప లోగో వేరు. కమొడోర్ అమ్మిన రోజుల్లో ఏ అమిగా యంత్రం మీదా బంతి ముద్ర లేదు. 1985 జులై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో అమిగాను లోకానికి చూపించినప్పుడు, ఆండీ వార్హోల్ వేదిక మీదే డెబీ హ్యారీ బొమ్మకు రంగులు వేసినప్పుడు, ఆ యంత్రం గుర్తు టిక్కే.

పైగా ఆ ఏడాది తెరలు ఎలా ఉండేవో ఒకసారి గుర్తు చేసుకోండి. మెకింటోష్ నలుపు తెలుపు. ఐబీఎం పీసీలో సీజీఏ అనే రంగుల గ్రాఫిక్స్ కార్డు వేసుకుంటే గ్రాఫిక్స్‌లో ఒకేసారి 4 రంగులు. అమిగా ప్యాలెట్‌లో 4096 రంగులున్నాయి, హామ్ అనే ప్రత్యేక గ్రాఫిక్స్ మోడ్‌లో అన్నీ ఒకే తెర మీద కనిపించే వీలుంది. అప్పటి కొనుగోలుదారుకి ఈ సంగతి ఒక్క చూపులో చెప్పేది రంగుల టిక్కే. రెండు రంగుల బంతికి అది సాధ్యం కాదు.

బ్లిట్టర్_భక్తుడు:
ఇంద్రధనుస్సు రంగులు అప్పట్లో ఎవరి దగ్గర లేవండీ? ఆపిల్ 1977 నుంచే 6 రంగుల చారల పండు వాడుతోంది. కమొడోర్ తన పాత కంప్యూటర్లు విక్-20 మీద, 64 మీద కూడా రంగుల చారలు అంటించింది. దుకాణంలో వరసగా పెడితే టిక్కు ఆ గుంపులో కలిసిపోతుంది. బంతి కలవదు.

లేబుల్_పనివాడు:
నేను పాత యంత్రాలకు లేబుళ్లు, బ్యాడ్జీలు తయారుచేస్తుంటాను. వాదన సంగతి పక్కన పెట్టి, చేతిలోకి వచ్చాక ఏమవుతుందో చెప్తాను.

టిక్కులో అసలు కష్టం రంగుల మధ్య అంచులు. వెండి రంగు ఫిల్మ్ మీద ముద్రిస్తే కింద తెల్ల ఇంకు పొర తప్పనిసరి. లేకపోతే పసుపు బూడిదలా, ఎరుపు గోధుమరంగులా మారుతుంది. తెల్ల పొర కొంచెం పక్కకు జరిగినా అంచు వెంట తెల్ల గీత బయటపడుతుంది. ఆ తెల్ల పొరను రంగుల ఆకారం కన్నా వెంట్రుకవాసి లోపలికి తగ్గించి గీయమని ప్రింటర్‌కి చెప్పాలి. ఇది కుదిరితే టిక్కు ఎంత బాగుంటుందో! వెలుతురు పడినప్పుడు చూడాలి.

బంతికి ఉన్న ఇబ్బంది వేరు. మధ్యలో గళ్లు పెద్దవిగా, అంచుల దగ్గర సన్నగా ఉంటాయి కదా. బొటనవేలి గోరంత బ్యాడ్జి మీద ఆ అంచు గళ్లు కలిసిపోయి గులాబీరంగు మరకలా తయారవుతాయి. చిన్న సైజుకి గళ్ల సంఖ్య తగ్గించి మళ్లీ గీయాలి, పెద్ద బొమ్మను కుదిస్తే రాదు. ఐకాన్‌కీ ఇదే సూత్రం.

ఒకే రంగులో చెక్కాలంటే మాత్రం టిక్కు పూర్తిగా ఓడిపోతుంది. రంగులు తీసేస్తే అది ఏ ఫారమ్ మీదైనా కనిపించే మామూలు టిక్కు. బంతి నలుపు తెలుపుల్లో కూడా బంతే. అన్నిటికన్నా సులువుగా వచ్చేది, అడిగారు కాబట్టి చెప్తున్నాను, కమొడోర్ గుర్తు.

64_గుంట:
ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. సి అక్షరం, దాని నోటి దగ్గర రెండు జెండాల్లాంటి ముక్కలు, పైది నీలం, కిందది ఎరుపు. కమొడోర్ అంటే నౌకాదళంలో ఒక హోదా, ఆ జెండాలు ఆ పేరుకి సరిగ్గా సరిపోయాయి. ఆ ఆకారం చూసి ఇంగ్లిష్ అభిమానులు ముద్దుగా కోడితల అంటారు, నాకు ఆ పేరు కూడా ఇష్టమే.

మీరందరూ కంటితో చూసే లోగోల గురించి మాట్లాడుతున్నారు. ఇది వేలితో నొక్కే లోగో! కమొడోర్ 64 కీబోర్డులో ఎడమవైపు కింద ఇదే గుర్తుతో ఒక కీ ఉంటుంది. దాన్ని పట్టుకుని షిఫ్ట్ నొక్కితే చిన్న అక్షరాల సెట్టుకి మారుతుంది. 1 నుంచి 8 వరకు అంకెల్లో ఒకటి నొక్కితే నారింజ, గోధుమ, లేత నీలం లాంటి రెండో వరస రంగులు వస్తాయి. అక్షరం కీ నొక్కితే దాని ముందువైపు ఎడమన ముద్రించిన గ్రాఫిక్ గుర్తు పడుతుంది. తర్వాత వచ్చిన కమొడోర్ 128 ఆన్ చేస్తూ ఆ కీ పట్టుకుంటే యంత్రం నేరుగా 64గా మేలుకుంటుంది. బేసిక్ నేర్చుకునే రోజుల్లో నా ఎడమచేతి చిటికెన వేలు రోజంతా దాని మీదే ఉండేది. అంత దగ్గరగా మనిషికి అంటుకున్న లోగో ఇంకోటి చూపించండి.

డెనిస్_తెర:
64 అన్నా, ఇది నేను ఆలోచించలేదు. తొలినాళ్ల 500 కీబోర్డుల్లో కూడా ఎడమ అమిగా కీ మీద కమొడోర్ గుర్తే ఉండేది. నా దగ్గరున్నది ఆ రకమే. కంట్రోల్, ఎడమ, కుడి అమిగా కీలు కలిపి నొక్కితే రీసెట్ అవుతుంది. అంటే ఈ యంత్రం మీద ఆ గుర్తు ఇప్పటికే ఒకచోట ఉన్నట్టే.

టిక్కు_వర్గం:
కమొడోర్ గుర్తు అందమైనదే, ఒప్పుకుంటాను. కానీ అది సంస్థ గుర్తు. కాలిక్యులేటర్ల మీదా అదే, పెట్ కంప్యూటర్ మీదా అదే, పీసీ క్లోన్ల మీదా అదే. అమిగాను కట్టింది చిప్పుల ఇంజినీర్ జే మైనర్ బృందం, కమొడోర్ దాన్ని 1984లో కొనుక్కుంది. అమిగాకి తనదంటూ ఒక గుర్తు కావాలి.

మూత_విప్పినవాడు:
అయితే కట్టినవాళ్ల గుర్తు గురించి చెప్తాను. అమిగా 1000 పైమూత తీసి తిరగేసి చూడండి. ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసిన సంతకాలుంటాయి, ఆ యంత్రం మీద పనిచేసినవాళ్లవి. వాటి మధ్య ఒక కుక్క పాదం ముద్ర కూడా ఉంటుంది. అది జే మైనర్ పెంపుడు కుక్క మిచీది. ఆఫీసుకి కూడా ఆయనతో పాటే వచ్చేదట.

బయట అతికించిన ఏ బొమ్మకన్నా నాకు ఆ పాదం ముద్రే అమిగా అనిపిస్తుంది. మొదటిసారి మూత తీసినప్పుడు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. కొనేవాడికి కనపడదని తెలిసి కూడా అచ్చులో పోయించారంటే ఆ బృందానికి యంత్రం మీద ఉన్న ప్రేమ ఎంతో ఆలోచించండి.

బ్లిట్టర్_భక్తుడు:
దీనికి ఎదురు చెప్పను. పోటీలోకి మాత్రం రాదు, లోగో అంటే బయట కనపడాలి.

ఎమ్యులేటర్_రాత్రులు:
నా దగ్గర అసలు యంత్రం లేదు. అమిగాతో నా పరిచయమంతా పీసీలో అమిగాను అనుకరించే విన్‌యూఏఈలోనే. నాలాంటివాళ్లకి పెట్టె మీది బ్యాడ్జి ఫొటోల్లో తప్ప కనపడదు. కిక్‌స్టార్ట్ 1.3 (యంత్రం మేలుకునే ప్రోగ్రాం)లో తెల్ల తెర మీద ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి, వర్క్‌బెంచ్ డెస్క్‌టాప్ నీలం, నారింజ రంగులు, క్రాష్ అయితే గురు మెడిటేషన్ అనే సందేశం ఉన్న ఎర్ర పెట్టె, తర్వాత బంతి. ఇవే మాకు అమిగా ముఖాలు.

తెరను మౌస్‌తో పట్టుకుని కిందికి లాగడం చూడనివాళ్లు తప్పక చూడాలి. పైన ఒక ప్రోగ్రాం తెర, వెనక వర్క్‌బెంచ్, రెండింటికీ వేర్వేరు రిజల్యూషన్లు, వేర్వేరు ప్యాలెట్లు, ఒకే మానిటర్ మీద. బంతి ఎగురుతుండగా చూస్తే ఈ యంత్రం మల్టీటాస్కింగ్ గురించి ఇక చెప్పాల్సింది ఏమీ ఉండదు.

ఇంకో సంగతి. 1994 ఏప్రిల్‌లో కమొడోర్ దివాలా తీశాక అమిగా ఎన్నో చేతులు మారింది. అప్పటినుంచీ దీన్ని బతికించిన మనుషులు జెండాగా ఎత్తుకున్నది బంతినే. తర్వాత వచ్చిన అమిగాఓఎస్ 4 ఆపరేటింగ్ సిస్టమ్‌లో కనిపించేది కూడా బంతే. అలాంటి వేరే సిస్టమ్‌లలో మార్ఫ్‌ఓఎస్ వాళ్లు సీతాకోకచిలుకను ఎంచుకున్నారు, ఏరోస్ వాళ్లు పిల్లిని. టిక్కును వీళ్లెవరూ వెంట తీసుకెళ్లలేదు. అభిమానులు ముప్పై ఏళ్లుగా చేస్తున్న ఎంపిక ఇది, దానికి విలువ ఇవ్వాలి.

టిక్కు_వర్గం:
ఆ ఎంపికను గౌరవిస్తాను. కానీ అది అమిగా జ్ఞాపకానికి లోగో. అమిగా దుకాణంలో కొత్తగా మెరుస్తున్నప్పటి లోగో టిక్కు. 1000ని సరిచేస్తే నేను టిక్కు తప్ప ఇంకోటి పెట్టను.

లేబుల్_పనివాడు:
ఆ తేడా నాకు నచ్చింది. ఇంతకీ డెనిస్ గారూ, పసుపెక్కిన మూతను తెల్లబరిచే ఉద్దేశం ఉందా? ఉంటే బ్యాడ్జి ముందే అంటించకండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి అతినీలలోహిత కాంతిలో పెట్టినప్పుడు ఇంకు వెలిసిపోతుంది, జిగురు అంచులు లేస్తాయి. మూత అంతా అయిపోయి, కడిగి, పూర్తిగా ఆరాకే గుంటను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి అంటించండి. పాత బ్యాడ్జి ఉన్నవాళ్లు తెల్లబరిచే ముందు దాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో నెమ్మదిగా వేడిచేసి, కింద దారం పోనిచ్చి లాగండి. కత్తి పెట్టి లేపితే మడత పడుతుంది, ఆ మడత ఇక పోదు.

డెనిస్_తెర:
తెల్లబరుస్తాను, మంచి సమయానికి చెప్పారు. కమొడోర్ గుర్తు కీబోర్డు మీద ఉంది కాబట్టి గుంటలో బంతి వేయిస్తున్నాను. గళ్లు తగ్గించి, అక్షం వంపు మాత్రం డెమోలో ఉన్నట్టే ఉంచి గీస్తాను. పక్కన అమిగా పేరు వాలు అక్షరాల్లోనే. లేబుల్ గారూ, ఎరుపు కింద కూడా తెల్ల పొర కావాలా, లేక తెల్ల గళ్ల వరకే చాలా?

లేబుల్_పనివాడు:
మొత్తం బంతి కింద ఒకే తెల్ల పొర వేయించండి, దాని మీద ఎరుపు గళ్లు మాత్రమే ముద్రించండి. తెల్ల గళ్లు వాటంతట అవే వస్తాయి, పక్కపక్క రంగుల మధ్య గీత పడే సమస్యే ఉండదు. ఫైలు గీశాక ఇక్కడ పెట్టండి, అంచు గళ్లు చూసి చెప్తాను.