ట్రిగ్గర్ వదిలినా ఎయిర్‌లెస్ పంప్ ఆగడం లేదు, మొత్తం మార్చాల్సిందేనా?

మధురవాడ పెయింట్స్:
నమస్తే అండీ. విశాఖలో పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాను. కరెంటు మీద నడిచే పిస్టన్ ఎయిర్‌లెస్ మెషిన్ (గాలి కలపకుండా ఒత్తిడితోనే పెయింట్ చిమ్మేది) ఉంది. ఒక అపార్ట్‌మెంట్ బయటి గోడలకు ఎమల్షన్ కొడుతున్నాం. ట్రిగ్గర్ వదిలాక మోటార్ ఆగినట్టే ఆగి మళ్లీ తిరుగుతోంది. గోడ మీద స్ప్రే అంచుల్లో తోకల్లాంటి గీతలు పడుతున్నాయి. పైన పిస్టన్ రాడ్ చుట్టూ పెయింట్ ఊరుతోంది. షాపులో పంపే మార్చేయమన్నారు. దసరాకి పని అప్పజెప్పాలి, ఒకటే టెన్షన్.

రోలర్ బాబు:
ముందు టిప్ (గన్ కొసన పెయింట్ బయటికొచ్చే నాజిల్) చూడు అన్నా. 517 టిప్ అయితే అడుగు దూరం నుంచి పది అంగుళాల వెడల్పు రావాలి. ఏడున్నరకి పడిపోతే దాని పని అయిపోయినట్టే.

ఆటోనగర్ స్ప్రే మెకానిక్:
టిప్ మాట నిజమే గానీ, ట్రిగ్గర్ మూసి ఉండగా మోటార్ తిరగడానికి టిప్‌తో సంబంధం లేదు. ప్రెషర్ లోపలే ఎక్కడో జారిపోతోంది. పంపు మార్చకండి, ముందు ఈ పరీక్ష చేయండి.

ప్రైమ్ నాబ్ (పెయింట్‌ని గన్‌కి పంపాలా, తిరిగి బకెట్‌లోకి పంపాలా అని మార్చేది) స్ప్రే వైపు పెట్టి, ప్రెషర్ ఎక్కించి, ట్రిగ్గర్ మూసి రాడ్‌ను చూడండి. రాడ్ కిందికి దిగేటప్పుడు ఆగకుండా జారుతుంటే కింది ఫుట్ వాల్వు (పెయింట్ పంపులోకి వచ్చే చోటి వాల్వు) బాల్ దాని సీటు మీద సరిగ్గా కూర్చోవడం లేదు. పైకి వెళ్లేటప్పుడు ఆగకపోతే పిస్టన్ బాల్ గానీ, పిస్టన్ ప్యాకింగులు (కారకుండా ఆపే రింగులు) గానీ పోయాయి. రెండు వైపులా గట్టిగా ఆగి, అయినా ప్రెషర్ దిగుతుంటే ప్రైమ్ వాల్వు లోంచి బకెట్‌లోకి కారుతోందేమో చూడండి.

ఫుట్ వాల్వు అయితే చాలాసార్లు ఖర్చే ఉండదు. ఎండిన ఎమల్షన్ ముక్కో, పుట్టీ రవ్వో బాల్‌కీ సీటుకీ మధ్య ఇరుక్కుంటుంది. విప్పి కడిగి, బాల్‌ని వెలుతురులో తిప్పి చూడండి. మచ్చ, గుంట లేకపోతే అదే పెట్టేయొచ్చు. పెయింట్‌ని నైలాన్ గుడ్డలో వడగట్టకుండా బకెట్‌లో పోస్తే మాత్రం మళ్లీ ఇదే కథ.

రాడ్ దగ్గర ఊరుతోందంటే పై ప్యాకింగులు అరిగినట్టే. నట్ కొంచెం బిగించండి, కారడం ఆగితే చాలు. ఇంకా బిగిస్తే ప్యాకింగులు వేడెక్కి మాడతాయి, రాడ్ కూడా గీరుకుపోతుంది. బిగించినా ఆగకపోతే ప్యాకింగుల కిట్ మార్చాలి. తోలు ప్యాకింగులు ఉంటే బిగించే ముందు నూనెలో నానబెట్టండి. పైవాటి అంచులు కిందికి, పిస్టన్ వాటి అంచులు పైకి ఉండాలి. తిరగేసి పెడితే కొత్త కిట్ కూడా మొదటి రోజే కారుతుంది.

విప్పే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, నాబ్ ప్రైమ్ వైపు తిప్పి, గన్‌ని బకెట్ అంచుకు ఆనించి ట్రిగ్గర్ నొక్కి ప్రెషర్ అంతా వదిలేయండి. 200 బార్‌లో వచ్చే పెయింట్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, లోపల వేలు కుళ్లిపోవచ్చు. అలా అయితే కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి పరుగెత్తాలి. మన కుర్రాళ్లకి ఇది గట్టిగా చెప్పండి, వాళ్లు గన్ ముందు వేలు పెట్టి టిప్ తుడుస్తుంటారు.

మధురవాడ పెయింట్స్:
చూశాను గురువుగారూ. రాడ్ పైకి వెళ్లేటప్పుడు ఆగడం లేదు. విప్పితే రాడ్ మీద నిలువు గీత కనిపించింది, గోరుకి తగులుతోంది. కిట్ వేస్తే సరిపోతుందా?

ఆటోనగర్ స్ప్రే మెకానిక్:
సరిపోదు. గోరుకి తగిలే గీత కొత్త ప్యాకింగులను రోజుల్లో కోసేస్తుంది. రాడ్, కిట్ రెండూ కలిపి తెచ్చుకోండి, పిస్టన్ బాల్, సీటు కూడా అప్పుడే చూసేయండి. సిలిండర్ గోడ నున్నగా ఉంటే దాని జోలికి వెళ్లక్కర్లేదు. మెషిన్ మోడల్ నంబర్ చెప్పి కిట్ అడగండి, ఒకటి చూడ్డానికి ఇంకోటిలా ఉంటుంది.

పని అయ్యాక కడిగి నీళ్లతో వదిలేయొద్దు. మన ఉప్పు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, పంపులో నీళ్లు కూడా నిలిస్తే బాల్ సీటుకి అతుక్కుపోతుంది. పంప్ ప్రొటెక్టర్ (పంపు తుప్పు పట్టకుండా పోసే ద్రవం) గానీ మినరల్ టర్పెంటైన్ గానీ ఎక్కించి పెట్టండి. రోజూ పని మొదలుపెట్టే ముందు రాడ్ పై కప్పులో నాలుగు చుక్కలు త్రోట్ సీల్ ఆయిల్ వేయండి.