అప్‌డేట్: ఆంటిలోప్ క్యాన్యన్‌లో ట్రైపాడ్ లేకుండా

అమెరికాలోని ఆరిజోనాలో ఉన్న ఆంటిలోప్ క్యాన్యన్ అనే ఇరుకైన ఇసుకరాతి లోయలో ట్రైపాడ్ (కెమెరాను నిలిపే మూడు కాళ్ల స్టాండు) లేకుండా ఫోటోలు ఎలా తీయాలని గుంటూరు నుంచి బయలుదేరే ముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అది నవాజో తెగవారి భూమి కనుక గైడ్ లేనిదే ప్రవేశం లేదు, మామూలు టూర్లలో ట్రైపాడ్‌నూ అనుమతించరు. అందుచేత ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600కు పెంచి, మోచేతులు పక్కలకు ఆనించి తీశాను. అన్నిటికంటే అక్కరకొచ్చింది, వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగు రంగును బట్టి ఫోటో రంగులను సరిదిద్దే సెట్టింగ్‌ను) ఆటోలో కాక డేలైట్‌లో పెట్టమని మీరు చెప్పిన మాట. ఆటోలో కెమెరా రాతిగోడల ఎరుపును తగ్గించేస్తోంది. డేలైట్‌లో పెట్టినప్పుడు మాత్రం ఎండ తగిలిన పై అంచు పసుపుగా, ఆ వెలుగు గోడ నుంచి గోడకు తగులుతూ దిగేకొద్దీ నారింజగా, అడుగు నీడలో ఊదాగా, కంటికి కనిపించినంత అందంగానూ వచ్చింది. సన్నని ఇసుక రాలుతూనే ఉంటుంది కనుక లోపల లెన్స్ మార్చవద్దు. విజయవాడలో మ్యాట్ కాగితంపై పెద్ద ప్రింటు వేయించాను. నీడల్లోని ఇసుకరాతి చారలు సైతం విడివిడిగా తెలుస్తున్నాయి.