జూరా తెల్ల వైన్: లేబుల్ చూసి రకం పోల్చుకోవడం ఎలా?

ఫ్రాన్స్‌లో బుర్గుండీకీ స్విట్జర్లాండ్‌కీ మధ్య ఉన్న జూరా ప్రాంతపు వైన్ల గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. అక్కడి అర్బ్వా ఊళ్లో సావన్యాన్ అనే తెల్ల ద్రాక్ష వైన్ కొనాలి.

చిక్కల్లా ఒకే ద్రాక్షతో రెండు పద్ధతులు ఉండటం. పీపాలో ఆవిరైనంత మళ్లీ నింపుతూ ఉంటే వైన్ తేటగా, నిమ్మ వాసనతో వస్తుంది. దాన్ని ‘ఊయే’ అంటారు. నింపకుండా వదిలేస్తే పైన ఈస్ట్ పొర కట్టి అక్రోటు, కూరపొడి వాసన పడుతుంది. అలా ఆరేళ్లు దాటితేనే ‘వాన్ జోన్’. దాని 62 సెంటీలీటర్ల పొట్టి సీసాను చూడగానే గుర్తుపట్టొచ్చు. గొడవంతా మామూలు 75 సెంటీలీటర్ల సీసాలతోనే: ‘ఊయే’ అనో ‘సూ వాల్’ (పొర కింద ఉంచినది) అనో రాయనివి చాలా ఉంటాయి. తెలియక పొర కట్టినది తెరిస్తే పాడైందనుకుని పారబోస్తారు, పాపం.

అడిగేవి ఇవీ. ఏమీ రాయని సీసాను ఏ గుర్తుతో పోల్చాలి? ‘ట్రెడిషన్’ అని ఉంటే పొర కట్టినదేనని నమ్మొచ్చా, లేక షార్దొనే ద్రాక్ష కలిపినదై ఉంటుందా? తెరిచిన వాన్ జోన్ బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు వారాల తర్వాత కూడా కాంతే జున్నుతో బాగుంటుందా?

ఇంకొకటి. పూల్సార్ ద్రాక్షకి తొక్క పలచన, దాని ఎర్ర వైన్ రంగు వెలిసినట్టే ఉంటుంది, అది సరే. తెరవగానే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన అరగంట జగ్గులో పోసి ఉంచితే పోతుందా, ఇంకా ఎక్కువసేపు ఉంచాలా?