తళ్ళికోట యుద్ధభూమికి 20 బండ్లతో ప్రయాణం: ఏ దారిన వెళ్తే అర్థవంతంగా ఉంటుంది?

ప్రశ్న

మా మోటార్‌సైకిల్ క్లబ్బు వచ్చే జనవరిలో తళ్ళికోట యుద్ధభూమికి వెళ్ళాలని నిర్ణయించుకుంది. విజయనగరానికీ దక్కను సుల్తానులకూ మధ్య జరిగిన, రక్కసి తంగడి యుద్ధమని మనం చిన్నప్పటి నుంచి వింటున్న ఆ పోరు 1565 జనవరి 23న జరిగింది కనుక, ఆ తేదీకి దగ్గరగా వచ్చే వారాంతాన్ని ఎంచుకున్నాము. బండ్లు 20 దాకా ఉంటాయి. కొందరు వెనుక సీటులో ఇంట్లోవాళ్ళను కూడా తీసుకొస్తున్నారు. హైదరాబాదు నుంచి రాయచూరు మీదుగా ముందు హంపికి చేరుకుని, అక్కడి నుంచి ఉత్తరంగా వెళ్ళి, చివరి రోజు యుద్ధభూమి చూసి తిరిగి రావాలన్నది ఇప్పటి ఆలోచన.

అయితే పటం ముందు పెట్టుకుని కూర్చుంటే చిక్కులు ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. తళ్ళికోట ఊరు ఒకచోట, రక్కసగి, తంగడగి గ్రామాలు మరొకచోట కనిపిస్తున్నాయి. యుద్ధం నిజంగా ఎక్కడ జరిగిందని చెప్పుకుంటారు? అక్కడ స్మారకం లాంటిది చూడడానికి ఏమైనా ఉందా? ఇన్ని బండ్లను పల్లె దారుల్లో ఒక్క వరుసగా నడపడం సాధ్యమేనా? మరో సంగతి కూడా అడగాలి. మాలో కొందరు బండ్లకు జెండాలు కట్టుకుని నినాదాలతో వెళ్దామంటున్నారు, కొందరు వద్దంటున్నారు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ ఆలోచనలో మార్చుకోవలసినది ముందుగా దిశ. హంపి నుంచి ఉత్తరానికి వెళ్ళి యుద్ధభూమి దగ్గర ప్రయాణం ముగిస్తే, చివరి రోజు మీవాళ్ళంతా ఒక జొన్న చేను గట్టు మీద నిలబడి "ఇంతేనా?" అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. గోడలు, బురుజులు, ఫిరంగుల వరుసలు, యుద్ధ ప్రదర్శనశాల వంటివి ఊహించుకుని వెళ్తే అక్కడ అవేవీ ఉండవు. నల్లరేగడి పొలాలు, కృష్ణా నది, మధ్యలో ఊళ్ళు, అంతే. కానీ ఈ యుద్ధాన్ని ఒక చోట నిలబడి చూడకుండా దారి పొడవునా చూసుకుంటూ పోతే, మోటార్‌సైకిల్ మీద వెళ్ళేవారికి ఇంతకన్నా మంచి యుద్ధభూమి దక్షిణాదిలో లేదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ యుద్ధం సగం నది ఒడ్డునే తేలిపోయింది. 1564 చివర్లో బిజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానుల సైన్యాలు తళ్ళికోట దగ్గర కూడుకున్నాయి. ఆ ఊరు డోణి నది ఒడ్డున, కృష్ణకు సుమారు 40 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. అంటే అది సైన్యాలు విడిది చేసిన చోటే తప్ప కత్తులు దూసిన చోటు కాదు. అక్కడి నుంచి వారు దక్షిణంగా కృష్ణ దాకా వచ్చేసరికి దాటవలసిన రేవుకు ఎదురుగా, ఆవలి ఒడ్డున, విజయనగర సేన కట్టుదిట్టంగా కాచుకుని ఉంది. అప్పుడు సుల్తానులు మరో రేవు వెతుక్కుంటున్నట్టుగా ఒడ్డు వెంబడి కదిలిపోయారని, ఆవలి సేన కూడా రేవును వదిలి వారికి సమాంతరంగా నడిచిందని, అది చూసుకుని వారు ఒక్కసారిగా వెనక్కి మళ్ళి, కాపలా లేని అదే రేవులో నది దాటేశారని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఆయన ఈ చరిత్రను చాలా ఏళ్ళ తరువాత బిజాపూర్ ఆస్థానంలో ఉండి రాశాడన్నది మరచిపోకూడదు. అయినా ఆ ఒడ్డు వెంబడి బండి నడిపినవారికి ఆ ఎత్తుగడ చక్కగా అర్థమవుతుంది, ఎందుకంటే ఈవలి ఒడ్డున కదిలేది ఆవలి ఒడ్డుకు తెలుస్తూనే ఉంటుంది, అందుకోవడం మాత్రం కుదరదు.

ఇక అసలు పోరు జరిగిన చోటు గురించి చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. రక్కసగి, తంగడగి గ్రామాల పేర్లతో యుద్ధాన్ని పిలుచుకునే సంప్రదాయం మనకు ఉంది. విజయనగర చరిత్రను వెలికితీసిన రాబర్ట్ సూవెల్ మాత్రం సైన్యాలు ఇంగళగి దగ్గర నది దాటాయని, పోరు నదికి దక్షిణాన, ముద్గల్‌కు వెళ్ళే దారిలో జరిగి ఉండవచ్చని భావించాడు. కాబట్టి "ఇదే ఆ చోటు" అని ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే నవ్వి ఊరుకోండి. నది కూడా 1565 నాటి నది కాదు. ఎగువన ఆలమట్టి, దిగువన నారాయణపూర్ ఆనకట్టలు వచ్చాయి, నారాయణపూర్ వెనుక నీరు కూడలసంగమం దాకా నిలుస్తుంది.

నా సలహా ఇది. మొదటి రోజు నేరుగా విజయపురకు, అంటే పాత బిజాపూర్‌కు చేరుకోండి. అక్కడ షేర్జా బురుజు మీద ఉన్న మలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని తప్పక చూడాలి. 1549లో అహ్మద్‌నగర్‌లో పోత పోసిన దాని బరువు 55 టన్నుల దాకా ఉంటుంది. దాని మూతిని నోరు తెరిచిన సింహంగా మలిచారు, ఆ కోరల మధ్య ఏనుగు నలుగుతూ ఉంటుంది. తళ్ళికోటలో దీన్ని వాడారని అక్కడివారు చెబుతారు. అది నిజమో కాదో గాని, ఆ రోజు విజయనగరాన్ని ఏలుతున్న రామరాయల సేన ఎదుర్కొన్న ఫిరంగిబలం ఎలాంటిదో దాని పక్కన నిలబడితే తెలుస్తుంది. విజయనగర సేన మీదమీదికి వచ్చేసినప్పుడు అహ్మద్‌నగర్ ఫిరంగుల్లో గుండ్లకు బదులు రాగి నాణేల సంచులు కూరి అతి దగ్గర నుంచి పేల్చారని కూడా ఫిరిష్తానే రాశాడు.

రెండో రోజు తళ్ళికోట, ముద్దేబిహాళ, తంగడగి దగ్గర కృష్ణ, తరువాత హునగుంద, ఇళకల్, కుష్టగి మీదుగా హొసపేట. వీలుంటే ముద్గల్ కోటను కూడా కలుపుకోండి. మూడో రోజు హంపి. సైన్యాలు నడిచింది ఇదే దిశలో, ఓటమి వార్త పరుగెత్తింది కూడా ఇదే దిశలో. పోరులో ఏనుగు మీదపడగా మోసేవారు పల్లకి వదిలి పారిపోయారని, పట్టుబడిన రామరాయలను అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాంషా తల నరికించాడని చెబుతారు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజధానికి తిరిగివచ్చి, పేరుకు మాత్రమే చక్రవర్తి అయిన సదాశివరాయలను, ఏనుగుల మీదికి ఎక్కించగలిగినంత ధనాన్ని తీసుకుని పెనుకొండకు వెళ్ళిపోయాడు. ఆ తరువాత నగరానికి పట్టిన గతి హంపిలో మీకు కళ్ళెదుటే కనిపిస్తుంది.

రెండవ సమాధానం

చరిత్ర సంగతి పైవారు వివరంగా చెప్పారు కనుక నేను బండ్ల సంగతికే పరిమితమవుతాను. 20 బండ్లను ఒకే వరుసగా నడపవద్దు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు బండికీ బండికీ ఒక్క సెకను ఎడం వదిలినా ఆ వరుస 300 మీటర్లు దాటుతుంది. రెండు వరుసల రోడ్డు మీద వెనుక నుంచి వచ్చే బస్సు మిమ్మల్ని దాటలేక మధ్యలో దూరుతుంది, సరిగ్గా అక్కడే ప్రమాదం జరుగుతుంది. ఐదారు బండ్లకు ఒక జట్టు చొప్పున విడగొట్టి, జట్టుకూ జట్టుకూ మధ్య కొన్ని నిమిషాల ఎడం ఉంచండి. ప్రతి జట్టుకు ముందు నడిపేవారు ఒకరు, చివర నడిపేవారు ఒకరు ఉండాలి. చివర నడిపే బాధ్యతను పంక్చర్ వేయడం, గొలుసు సరిచేయడం తెలిసిన స్థిమితమైన మనిషికి అప్పగించాలి. చాలా క్లబ్బులు అనుభవజ్ఞుడిని ముందు పెట్టి, కొత్తవాడిని చివర వదిలేస్తాయి. నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి.

తిన్నని రోడ్డు మీద ఎడమ, కుడి జాడల్లో మార్చి మార్చి నడపండి, ముందున్న బండికి ఒక సెకను, అదే జాడలో ఉన్న బండికి రెండు సెకన్లు దూరం ఉండాలి. మలుపుల్లో, ఊళ్ళలో, రోడ్డు సన్నబడిన చోట ఒంటి వరుసకు మారిపోవాలి. తళ్ళికోట నుంచి నది వైపు వెళ్ళేటప్పుడు చాలా కూడళ్ళు వస్తాయి. అక్కడ ముందు నడిపేవారి వెంటనే ఉన్న రెండో బండి ఆగి, జట్టులో చివరి బండి వచ్చేదాకా దారి చూపి, ఆ తరువాత వారితో కలిసి కదలాలి. ఫోన్‌లో పటం ఉంది కదా అని ఈ పద్ధతిని కొట్టిపారేయకండి, హ్యాండిల్ మీది ఫోన్ చూసుకుంటూ కూడలి దాటేసిన బండిని వెతకడానికి మిగిలినవారంతా ఆగవలసి వస్తుంది. బోర్డులు కన్నడలోనే ఉన్నా కంగారు పడనక్కరలేదు, తెలుగు చదవగలిగినవారు కాస్త ఓపిక పడితే కన్నడ అక్షరాలను కూడబలుక్కోగలరు.

ఒక ట్యాంకు పెట్రోలుతో అందరికన్నా తక్కువ దూరం వెళ్ళే బండి ఏదో ముందే తెలుసుకుని, దాన్నిబట్టే ఆగే చోట్లు నిర్ణయించండి. జనవరి చెరకు నరికే కాలం. విజయపుర, బాగల్‌కోట జిల్లాల్లో చెరకు ట్రాక్టర్లు ఒక్కొక్కటి రెండేసి ట్రాలీలు లాగుతూ, వెనుక దీపం లేకుండా, చెరకు గడలు పక్కలకు పొడుచుకువస్తూ కనిపిస్తాయి. చీకటిలో అది ట్రాలీ అని తెలిసేసరికి మీరు దానికి తగిలే దూరంలో ఉంటారు. అందువల్ల పొద్దు గూకేలోగా బస చేరడం ఆ ప్రాంతంలో తప్పనిసరి నియమంగా పెట్టుకోండి. మొదటి రోజంతా మీరు పడమరకు వెళ్తారు, మధ్యాహ్నం మూడు దాటితే సూర్యుడు నేరుగా ఎదురుగా ఉంటాడు. గీతలు పడిన హెల్మెట్ అద్దాలుంటే బయలుదేరకముందే మార్పించండి.

నది దగ్గర పొలాల్లోకి బండ్లు దించవద్దు. వాన పడని రోజుల్లో కూడా కాలువ నీరు పారిన నల్లరేగడి చక్రానికి అంటుకుని, మడ్‌గార్డు కింద పొరలు పొరలుగా పేరుకుని, చివరికి చక్రాన్నే తిరగనివ్వదు. పైగా అవి రైతుల పంట పొలాలు, మనకు యుద్ధభూమి కావచ్చు గాని వారికి బతుకుదెరువు.

మూడవ సమాధానం

జెండాల విషయంలో నా మాట సూటిగా చెబుతాను: వద్దు. ఇది కేవలం గొడవలు వస్తాయన్న భయంతో చెబుతున్నది కాదు, ఆ నినాదాలు ఈ యుద్ధానికి అతకవు. రామరాయలు యౌవనంలో గోల్కొండ కొలువులో పనిచేసినవాడు. ఆయన మీద కత్తి కట్టిన గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా, మన కవులు మల్కిభరాముడని పొగిడిన వ్యక్తి, రాజు కాకముందు విజయనగరంలోనే ఏడేళ్ళు ఆశ్రయం పొందాడు. బిజాపూర్ అలీ ఆదిల్‌షాను రామరాయల కుటుంబం కొడుకులా ఆదరించింది, యుద్ధానికి కొన్నేళ్ళ ముందే వీరిద్దరూ కలిసి అహ్మద్‌నగర్ మీద దండెత్తారు. ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతూ పైచేయి సాధించిన రాజనీతి చివరికి నలుగురినీ ఏకం చేసింది. యుద్ధం తరువాత రెండేళ్ళకు, 1567లో, విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు ఫెదెరిచి, రామరాయల సేనలోని ఇద్దరు ముస్లిం సేనాపతుల ద్రోహం వల్లనే ఓటమి కలిగిందని రాశాడు. ఫిరిష్తా ఆ ఊసే ఎత్తడు. ఈ చర్చను మీరు రాత్రి బసలో కూర్చుని ఎంతసేపైనా సాగించుకోవచ్చు, ఊరి నడిబొడ్డున హారన్లతో మాత్రం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. విజయపుర నుంచి దక్షిణంగా వచ్చే దారినే ఖాయం చేసుకున్నాము, జెండాలు లేవు. ఒక సందేహం మిగిలింది. రెండో రోజు ముద్గల్ కోటను కూడా కలుపుకుంటే వెనుక సీటులో వచ్చేవారికి మరీ శ్రమ అవుతుందా? హంపిలో ఇన్ని బండ్లు నిలపడం ఎలా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

ముద్గల్ వద్దు. దానికోసం పక్కకు తిరగాలి, ఆ రోజు నది దగ్గర నింపాదిగా గడపవలసిన సమయమంతా అక్కడ కరిగిపోతుంది. మరీ ఆసక్తి ఉన్న ఒక జట్టు మాత్రం తిరుగు ప్రయాణంలో ముద్గల్, లింగసుగూరు, రాయచూరు మీదుగా ఇంటికి రావచ్చు. హంపిలో విఠ్ఠల ఆలయం దాకా సొంత వాహనాలను పోనివ్వరు, కొంత దూరంలోనే నిలిపి, అక్కడి బ్యాటరీ బండ్లలో గాని నడిచి గాని వెళ్ళాలి. బూట్లు, జాకెట్లు, హెల్మెట్లతో ఎండలో ఆ రాళ్ళ మధ్య తిరగడం చాలా కష్టం కనుక, హొసపేటలో దిగిన చోటే సామానంతా వదిలేసి, మామూలు దుస్తుల్లో, బండికి ఇద్దరు చొప్పున సర్దుకుని వీలైనన్ని తక్కువ బండ్లతో ఉదయాన్నే వెళ్ళండి. అంత దగ్గరి దూరమే అయినా హెల్మెట్లు ఇద్దరికీ ఉండాలి, వాటిని తాళం వేసి బండికే తగిలించడానికి ఒక తీగ తాళం వెంట తెచ్చుకోండి.